ఫేస్‌బుక్‌లో ఉన్న కథలన్నీ సొంత సైట్‌కి తెచ్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తపలక:
నమస్కారమండీ. ఫేస్‌బుక్‌లో కథలు, వ్యాసాలు 140 దాకా ఉన్నాయి. ఇంకో 30 పాతవి అను ఫాంట్లలో (డీటీపీలో వాడే పాతకాలం తెలుగు ఫాంట్లు), పేజ్‌మేకర్ ఫైళ్లలో. అన్నీ సొంత పేరు మీద ఒక సైట్‌లో పెట్టాలి. కోడింగ్ రాదు, కాస్త హెచ్‌టీఎమ్‌ఎల్ అంటే నేర్చుకుంటాను. ఏడాదికి 1,500 రూపాయలు దాటకూడదు. వర్డ్‌ప్రెస్ (సైట్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకోడానికి హోస్టింగ్, అంటే సర్వర్‌లో చోటు, కొనాలా? అసలు ఫేస్‌బుక్ వదిలి అక్కడిదాకా వచ్చి చదివేవాళ్లుంటారా?

వత్తుపొల్లు:
హోస్టింగ్ కొనకండి. 170 రచనలకి డేటాబేస్ దేనికి? వర్డ్‌ప్రెస్ పెట్టుకుంటే ప్లగిన్లు (తగిలించుకునే అదనపు ప్రోగ్రాములు) అప్‌డేట్ చేస్తూ కూర్చోవాలి. నాలుగు నెలలు వదిలేస్తే ఎవడో దూరి జూదం ప్రకటనలు పెట్టిపోతాడు. మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలు గిట్‌హబ్ పేజెస్‌లో (ఫైళ్లు ఎక్కిస్తే సైట్‌గా చూపించే సేవ) ఉచితంగా నడుస్తాయి. సైట్ 1 జీబీ దాటకూడదు, అంతే. తెలుగులో ఒక్కో కోడ్ (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఏదైనా) యూటీఎఫ్-8లో, అంటే కంప్యూటర్ అక్షరాలు దాచుకునే పద్ధతిలో, 3 బైట్లు. పదివేల కోడ్‌ల కథ 30 కేబీ. మీ 170 కలిపినా 5 ఎంబీయే. బరువంతా ఫొటోలది. వాటిని 1,200 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి, వెబ్‌పీగా (తక్కువ బరువుండే ఫొటో ఫార్మాట్) సేవ్ చేసి ఎక్కించండి.

ఖర్చల్లా డొమైన్‌కే, అంటే సైట్ పేరుకే. మొదటి ఏడాది 99 అని ఊరిస్తారు, మీరు చూడాల్సింది రెన్యువల్ ధర (రెండో ఏడాది నుంచి కట్టేది), దానిమీద 18 శాతం జీఎస్టీ. డొమైన్ కొన్నాక డీఎన్ఎస్ (పేరుని సర్వర్‌కి కలిపే) పేజీలోకి వెళ్లి, రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మినవాళ్లు) ముందే పెట్టి ఉంచిన పార్కింగ్ ఏ-రికార్డు, అంటే వాళ్ల ప్రకటనల పేజీకి దారిచూపే వరస, తీసేయండి. ఆ తర్వాతే గిట్‌హబ్ ఇచ్చే నాలుగు ఏ-రికార్డులు చేర్చండి. పాతది ఉండిపోతే సైట్ ఒకసారి తెరుచుకుంటుంది, ఇంకోసారి ప్రకటనల పేజీ వస్తుంది, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ (సైట్ సురక్షితమని బ్రౌజర్‌కి చెప్పేది) కూడా రాదు. అన్నీ సరిగా ఉన్నా సర్టిఫికెట్‌కి ఒక్కోసారి రోజు పడుతుంది. కంగారుపడి మళ్లీ మళ్లీ మార్చకండి.

ఫైల్ పేర్లు మొత్తం చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. విండోస్‌కి పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే, గిట్‌హబ్‌కి కాదు. ఇంట్లో కనిపించిన బొమ్మ అక్కడ కనిపించకపోతే నూటికి తొంభైసార్లు ఇదే కారణం. పేజీ పేరు తెలుగులో పెడితే ఏమవుతుందో చూడండి: ‘అమ్మ’లో అ, మ, పొల్లు, మ, మొత్తం నాలుగు కోడ్‌లు. ఒక్కోటి మూడు బైట్లు, లింకు కాపీ చేస్తే ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. రెండక్షరాల అమ్మ కాస్తా 36 అక్షరాల తోక!

గుణింతం:
పాత ఫైళ్ల సంగతి చెప్తాను, అసలు తలనొప్పి అక్కడే.

ఫేస్‌బుక్ నుంచి మీ సమాచారం డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు జేసన్ (ప్రోగ్రాములు చదువుకునే ఫార్మాట్) కాకుండా హెచ్‌టీఎమ్‌ఎల్ ఎంచుకోండి. జేసన్‌లో ఒక్కో తెలుగు కోడ్, నెత్తిన గీత ఉన్న లాటిన్ ‘ఏ’తో మొదలయ్యే మూడు పిచ్చి గుర్తులై వస్తుంది. బాగుచేయొచ్చు గానీ దానికో ప్రోగ్రామ్ రాసుకోవాలి.

అను ఫైల్లో ఉన్నది నిజానికి తెలుగు కాదు, తెలుగు ముక్కల బొమ్మలు తగిలించిన లాటిన్ అక్షరాలు. ఏ వర్షన్‌లో, ఏ ఫాంట్‌తో కొట్టారో తెలుసుకుని, మామూలు తెలుగు (యూనికోడ్)లోకి మార్చే కన్వర్టర్‌లో సరిగ్గా అదే ఎంచుకోవాలి. మార్చాక ర-వత్తు, అంకెలు, కొటేషన్ గుర్తులు కంటితో చూడాల్సిందే. 30 రచనలే కాబట్టి పెద్ద పనేం కాదు.

ఇక పేజీలో మూడు విషయాలు. మెటా చార్‌సెట్ ట్యాగు (పేజీ యూటీఎఫ్-8లో ఉందని బ్రౌజర్‌కి చెప్పేది) హెడ్ మొదట్లోనే ఉండాలి. భాష ‘టీఈ’ అని రాయాలి. లైన్ హైట్ (వరస ఎత్తు) 1.7 పెట్టాలి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. మండలి ఫాంట్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ అందులో బోల్డ్ లేదు. శీర్షికకి బోల్డ్ పెడితే బ్రౌజరే అక్షరాన్ని లావు చేసి వత్తుల్ని ముద్ద చేస్తుంది. నోటో సెరిఫ్ తెలుగు ఫాంట్‌లో అసలైన బోల్డ్ ఉంది.

అరుగు:
చదివేవాళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది తక్కువే ఉంటారు, ఆశపడకండి. ఫేస్‌బుక్‌లో కథ మొదటి పేరా పెట్టి, మిగతాది సైట్‌లో అని లింకివ్వండి. ఓజీ టైటిల్, ఓజీ ఇమేజ్ ట్యాగులు (లింకు పంచినప్పుడు చూపించాల్సిన శీర్షిక, బొమ్మ చెప్పేవి) పెడితే వాట్సాప్‌లో లింకు బొమ్మతో కనిపిస్తుంది. అవి లేని ఉత్త లింకుని మన గ్రూపుల్లో ఎవరూ నొక్కరు. ఆర్ఎస్ఎస్ ఫైల్ (కొత్త రచనల జాబితా, చదివేవాళ్ల యాప్‌కి కబురందించేది) కూడా ఒకటి పెట్టండి, కొత్త కథ వేసినప్పుడల్లా చేత్తో ఒక ఐటమ్ చేర్చితే చాలు.

ఎందుకింత శ్రమ అంటారా, ఉచితంగా సైట్లు పెట్టుకోనిచ్చిన జియోసిటీస్ 2009లో మూసేశారు, ఫేస్‌బుక్ లాంటి గూగుల్ ప్లస్ 2019లో. అక్కడే ఉంచినవాళ్లు ఉరుకులు పరుగుల మీద సర్దుకున్నారు.

కొత్తపలక:
చాలా థాంక్సండీ. డొమైన్‌కి ఆటో రెన్యువల్ పెట్టేస్తే ఇక చూడక్కర్లేదా?

వత్తుపొల్లు:
అదొక్కటీ నమ్మకండి. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఈ-మాండేట్ (మీరు ముందుగా ఇచ్చే అనుమతి) లేకుండా కార్డు నుంచి దానంతటది డబ్బు పోదు, విదేశీ రిజిస్ట్రార్ల దగ్గర తరచూ ఫెయిలవుతుంది. డాట్ కామ్ గడువు దాటితే మామూలు ధరకి కట్టుకునే వ్యవధి రిజిస్ట్రార్‌ని బట్టి, 45 రోజులకి మించదు. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్, అంటే జరిమానా కట్టి విడిపించుకునే గడువు, అక్కడ జరిమానా చాలా ఎక్కువ. ఆపైన 5 రోజులకి ఎవరైనా కొనేసుకోవచ్చు. ఒకేసారి మూడేళ్లకి కట్టేయండి. రిజిస్ట్రార్ దగ్గర ఇచ్చే ఈమెయిల్ మాత్రం ఆ డొమైన్‌దే కాకుండా చూసుకోండి. డొమైన్ పోయిననాడు హెచ్చరిక మెయిలూ రాదు.