కార్యకర్తలకు జీతం ఇవ్వాలా? మీ వార్డుల్లో ఎలా ఉంది?

ప్రశ్న (తిరుపతి, బైరాగిపట్టెడ)
మా వార్డులో పార్టీ పని చూసేది నేనే. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. ఈమధ్య నెల జీతాల మీద ఒక ఏజెన్సీ పిల్లలు వచ్చారు. ట్యాబ్‌లు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నారు, సాయంత్రానికి లెక్కలు ఆఫీసుకు పంపేస్తున్నారు. పని శుభ్రంగా ఉంది. కానీ ఓటర్ల జాబితాలో చనిపోయినవాళ్ళు ఎవరు, పెళ్ళయి రేణిగుంటకు వెళ్ళిపోయిన అమ్మాయి ఎవరు అని వాళ్ళకు చెప్పింది మా వీధి కార్యకర్తలే. ఆ పేర్లు తీసేయమని ఇచ్చే ఫారం 7లు రాసిపెట్టిందీ వాళ్ళే. అందులో ఒకతను కూరగాయల మార్కెట్లో హమాలీ. "అన్నా, వాళ్ళు తిరిగితే జీతం వస్తుంది, నేను తిరిగితే కూలి పోతుంది" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మావాళ్ళకూ డబ్బు అడగాలా? ఇస్తే రేపు ఎక్కువిచ్చే చోటికి పోతారని పైవాళ్ళు అంటున్నారు.

జవాబు (చిత్తూరు, పోలింగ్ ఏజెంటుగా చేసినవాడిని)
జీతం ఇవ్వొద్దన్నా. 2024 మే 13న పొద్దున 5:30కి, పోలింగ్‌కు ముందు యంత్రాన్ని సరిచూసే మాక్ పోల్‌కే నేను బూత్‌లో ఉన్నాను. పోలింగ్ అయ్యాక ఏజెంట్లకు ఇచ్చే ఫారం 17సి కాపీ చేతికి వచ్చేదాకా కదల్లేదు. ఎన్ని ఓట్లు పడ్డాయో అందులోనే ఉంటుంది, కౌంటింగ్ రోజు యంత్రంలో అంకెతో సరిచూసుకోవాల్సింది దాంతోనే. పక్క బూత్‌లో మా పార్టీ రోజు కూలికి పెట్టిన కుర్రాడు మధ్యాహ్నం భోజనానికని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ బూత్ కాపీ మాకు అందలేదు. డబ్బుకు వచ్చినవాడికి ఆ కాగితం విలువ ఎలా తెలుస్తుంది?

జవాబు (పుత్తూరు)
చిత్తూరు అన్నా, ఆ అబ్బాయికి ఆ కాగితం గురించి ఒక్కరైనా చెప్పారా? ఊరికే చెయ్యమంటే తీరిక, ఇంట్లో గింజలు ఉన్నవాళ్ళే పార్టీలో మిగులుతారు. నేను కుట్టుమిషన్ మీద బతుకుతున్నాను. ప్రచారానికి వెళ్ళిన రోజు బట్టలు అట్లానే ఉండిపోతాయి, గిరాకీ ఇంకో టైలర్ దగ్గరికి పోతుంది. అయినా వెళ్తాను, నాకు ఇష్టం కాబట్టి. మా తమ్ముడి కథ వేరు. 2008 ఆగస్టు 26న తిరుపతిలో చిరంజీవి గారు ప్రజారాజ్యం ప్రకటించిన రోజు వాడు సొంత డబ్బుతో వెళ్ళాడు. 2009లో ఆయన తిరుపతి నుంచి గెలిచేదాకా ఇల్లు పట్టలేదు. 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత వాడు మళ్ళీ ఏ జెండా పట్టలేదు. ఆ రోజుల్లో వాడు ఒక్క రూపాయి అడిగింది లేదు. అభ్యర్థిని ఎంచేటప్పుడు, పొత్తు పెట్టుకునేటప్పుడు మమ్మల్ని ఒక మాట అడగండి, మేం ఎక్కడికీ పోము.

ప్రశ్న అడిగినవాడిని
అక్కా, ఆ చివరి మాట మావాళ్ళు నాతో చాలాసార్లు అన్నారు, నేనే పైకి చేర్చలేదు. నెల జీతం అడగను. పోలింగ్ రోజు పోయే కూలి, పెట్రోలు, భోజనం మాత్రం అడుగుతాను. ఏజెన్సీ పిల్లలు తీసే లెక్కలు ముందు వార్డు మీటింగ్‌లో చూపించాలని కూడా అడుగుతాను. ఇంతకీ ఆ కూలి డబ్బు అభ్యర్థి ఖర్చులో చూపించాలా?

జవాబు (చిత్తూరు)
చూపించాలన్నా. అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు, ఏజెంట్ల భోజనాలు కూడా అందులోకే వస్తాయి. ఎవరికి ఎంత ఇచ్చారో సంతకంతో రాసి పెట్టుకోండి. ఆ హమాలీ తమ్ముడిని మాత్రం ఈసారి బూత్‌లో కూర్చోబెట్టండి. 17సి గురించి నేను ఫోన్‌లో చెప్తాను.