1789 నాటి ఫ్రెంచ్ వ్యంగ్య చిత్రం జింక్ రేకు మీద: సన్న గీతలు మరకైపోతున్నాయి, ఎందుకు?

అలిపిరి_రేకు (తిరుపతి): కాలేజీ ప్రదర్శనకి ముసలి రైతు వీపు మీద పాదిరీ, జమీందారూ ఎక్కి కూర్చున్న 1789 బొమ్మ తీసుకున్నాం. జింక్ రేకు, మైనం పూత, రేకుని తినడానికి మైలుతుత్తం, ఉప్పు కలిపిన ద్రావణం. పాదిరి మొహం దగ్గర గీతలు కలిసిపోయి నల్లగా అచ్చవుతోంది, పూత పెచ్చులు లేస్తోంది, పైనున్న వాక్యం తిరగబడి పడుతోంది. అసలు వాళ్ళు ఉలితో చెక్కారా, ఆసిడ్‌తో తినిపించారా?

మదనపల్లె_మసి: ఆసిడ్డే. రాగి రేకు మీద మైనం పూసి, సూదితో గీసి, నైట్రిక్‌లో ముంచేవాళ్ళు. ఉలితో చెక్కుతా కూర్చుంటే నెలలు పడుతుంది, అప్పటికి వార్త పాతబడిపోతుంది. రంగులు ఒక్కో కాపీకి చేత్తో వేసినవి, అందుకే గీత దాటి ఉంటాయి. వాక్యాన్ని ట్రేసింగ్ పేపర్ మీద రాసి, తిరగేసి దింపండి. అందులో అక్షరదోషాలున్నాయని దిద్దొద్దు, పల్లె యాస కోసం కావాలని అట్లా రాశారు.

ఇక మీ మరక. ద్రావణం కిందికే కాదు, పక్కలకీ తింటుంది. దగ్గర గీతల మధ్య గోడ కరిగిపోతే అక్కడ గుంటే మిగులుతుంది. లీటరు నీళ్ళకి మైలుతుత్తం 50 గ్రాములు, ఉప్పు 50 గ్రాములు చాలు. ముందు చిన్న ముక్క మీద 5, 10, 20, 40 నిమిషాలు చూసుకోండి. మొహానికి తక్కువ టైం సరిపోయాక బయటికి తీసి, కడిగి, ఆరబెట్టి, ఆ భాగానికి మాత్రం వార్నిష్ పూయండి. రైతు బట్టల మడతలకి మళ్ళీ ముంచండి. గీతల్లో చేరే ఎర్రటి రాగి మడ్డిని కోడి ఈకతో తుడుస్తా ఉండాలి. నీలం రంగు పోతే ద్రావణం అయిపోయినట్టే. మోరీలో పోయొద్దు, బట్టల సోడా వేసి మడ్డి దిగనిచ్చి వేరు చేయండి.

పెచ్చులకి కారణం జిడ్డు. సుద్దపొడి, సబ్బుతో రుద్దినాక నీళ్ళు చుక్కలుగా విడిపోకుండా రేకంతా పొరలా నిలవాలి.

కాళహస్తి_కలం: బొమ్మలో కుందేళ్ళనీ పిట్టల్నీ వదిలేయకండన్నా. పంట తింటున్నా రైతు వాటిని కొట్టకూడదు, వేట హక్కు దొరలది. సగం ఎత్తిపొడుపు అక్కడే ఉంది.

గుడి ఊళ్ళో ప్రదర్శన కాబట్టి పక్కన పెట్టే చీటీలో ‘దేవుణ్ణి ఎగతాళి చేశారు’ అని మాత్రం రాయొద్దు, తప్పు కూడా. ఈ బొమ్మ గురి దశమభాగం పన్ను, పాదిరీలకున్న పన్ను మినహాయింపు. చర్చి ఆస్తుల్ని 1789 నవంబర్ 2న జాతిపరం చేశాక కసి ఇంకా పెరిగింది: లావుపాటి పాదిరీల్ని గానుగలాంటి మరలో నొక్కితే బక్కచిక్కి బయటికొచ్చే బొమ్మలు వచ్చాయి. రెండోది అదే వేయండి, నవ్వు ఎక్కువ.

అలిపిరి_రేకు: థాంక్స్ సార్. ప్రెస్ లేదు, గరిటతో రుద్దితే అచ్చు పాలిపోతోంది. చెరకు రసం మిషన్‌లో తోయొచ్చా?

మదనపల్లె_మసి: దాని రోలర్లకి గాళ్ళుంటాయి, రేకు వంగిపోతుంది. గరిట లినోకట్‌కి (ఉబ్బెత్తు భాగానికే సిరా అంటే అచ్చు) సరే గానీ ఇక్కడ కాగితం గీత లోపలికి దిగి సిరాని ఎత్తాలి, దానికి రెండు నున్నటి రోలర్ల ఒత్తిడి తప్పదు. నూలు కాగితం అరగంట నానబెట్టి, బ్లాటింగ్ పేపర్‌తో తడి తీసి, పైన ఊలు ఫెల్ట్ (మందపాటి ఉన్ని గుడ్డ) పరవండి. మన ఎండలకి కాగితం నిమిషాల్లో ఆరుతుంది, ప్లాస్టిక్ కవర్లో ఉంచండి. రేకు అంచుల్ని ఆకురాయితో ఏటవాలుగా అరగదీయకపోతే కాగితం తెగుతుంది, ఫెల్ట్ కూడా.