కొన్ని అలవాట్లు ఒక్క తరంలో పోతాయి, కొన్ని ఎంత తోసినా కదలవు, ఎందుకని?

అందరికీ నమస్తే, హిస్టరీ, సోషియాలజీ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త హెల్ప్ చేయండి. ఫ్రెంచ్ విప్లవం టైంలో రెండు పెద్ద మార్పులు తెచ్చారు కదా, ఒకటి మెట్రిక్ కొలతలు, రెండోది 1793లో పది రోజుల వారం ఉన్న కొత్త క్యాలెండర్. మీటరు, కిలో ఇవాళ దాదాపు ప్రపంచమంతా వాడుతోంది, ఆ క్యాలెండర్ మాత్రం 1806కల్లా పోయింది. సోవియట్ వాళ్ళు కూడా 1929లో ఐదు రోజుల వారం అన్నారు, తర్వాత ఆరు చేశారు, చివరికి 1940లో మళ్ళీ ఏడుకే వచ్చారు. అంత బలమున్న ప్రభుత్వాలే వారాన్ని కదపలేకపోయాయంటే నాకు నిజంగా ఆశ్చర్యం.

సరే మతం వల్ల అనుకుందామంటే, టర్కీలో 1928లో అరబిక్ లిపి తీసేసి లాటిన్ లిపి పెడితే అది నిలబడిపోయింది, ఖురాన్ ఉన్న లిపినే వదిలేశారు మరి. ఇక చైనాలో ఆడపిల్లల పాదాలు పెరగకుండా చిన్నగా ఉండాలని గుడ్డతో బిగించి కట్టేసే ఆచారం, వందల ఏళ్ళు నడిచిందది, ఆ పిల్లల బాధ తలుచుకుంటేనే ఏదోలా ఉంటుంది, కానీ మా కూతుళ్ళకి కట్టం, మా కొడుకులకి కట్టిన పిల్లని చేసుకోం అని కుటుంబాలు కలిసి మాటిచ్చుకోవడం మొదలయ్యాక చాలాచోట్ల త్వరగానే పోయింది. పైనుంచి వచ్చే ఆర్డర్ కన్నా చుట్టూ ఉన్నవాళ్ళు ఒకేసారి మారడమే ముఖ్యమని నాకనిపిస్తోంది, కానీ టర్కీ దీనికి సరిపోవట్లేదు, అది పైనుంచి వచ్చిందే. అప్పటికి చదువొచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి పాత లిపి వదలడం సులువైందా? ఏ మార్పు నిలుస్తుందో ముందే చెప్పగలిగే గుర్తులేమైనా ఉన్నాయా? ముఖ్యంగా నా ఊహ తప్పని చూపించే ఉదాహరణలుంటే తప్పకుండా చెప్పండి ప్లీజ్.