ఎర్రమట్టి దిబ్బల ఇసుకకి వయసు కడితే, ఇక్కడ తిరిగిన మనిషి వయసు తేలినట్టేనా?

భీమిలి రోడ్డు
విశాఖ, భీమిలి మధ్య తీరంలో ఉన్న ఈ ఎర్ర ఇసుక దిబ్బల్లో పాతకాలం రాతి పనిముట్లు దొరికాయని ఎప్పట్నుంచో వింటున్నాం. ల్యూమినెసెన్స్ పద్ధతిలో ఆ ఇసుకకి తేదీ కట్టిస్తే విశాఖ తొలి మనిషి ఎప్పటివాడో తేలిపోదా? కర్నూలు వైపు జ్వాలాపురంలో అలాగే కట్టారుగా. ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం పేలి వచ్చిపడిన బూడిద కింద పొర 77 వేల ఏళ్లు, పై పొర 74 వేలు అని 2007లో అచ్చయింది. రెండు పొరల్లోనూ పనిముట్లు దాదాపు ఒకే తీరు. అక్కడ తేలింది ఇక్కడ ఎందుకు తేలదు?

రాతి పిచ్చి
తేలదు గురూ. ఆ పద్ధతి చెప్పేది ఇసుక రేణువు ఆఖరిసారి ఎండ ఎప్పుడు చూసిందని. కప్పడిపోయాక చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియంల రేడియేషన్‌కి క్వార్ట్జ్ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు చిక్కుకుంటూ పోతాయి. ల్యాబులో నీలి కాంతి వేస్తే అవి బయటపడి వెలుగిస్తాయి. ఆ వెలుగుని బట్టి మొత్తం మోతాదు కట్టి, ఏడాది మోతాదుతో భాగిస్తే వయసు. ఇందులో మనిషెక్కడ? వాన కోసిన గెడ్డలో కాలికి తగిలిన రాయి ఏ పొరలోంచి జారిందో ఎవడు చెప్తాడు?

కైలాసగిరి నీడ
అలాగైతే తేదీలన్నీ చెత్తబుట్టలో వేసేద్దామా? కార్బన్ పద్ధతి 50 వేల ఏళ్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో మధ్య పాతరాతియుగం పనిముట్లు 3 లక్షల 85 వేల ఏళ్ల నాటివని 2018లో అన్నారంటే ల్యూమినెసెన్స్ పుణ్యమే.

రాతి పిచ్చి
దాని పక్కనే 64 వేలు అటూ ఇటూ అని కూడా రాశారు, నిజాయితీగా. జ్వాలాపురం తేదీలకీ ఆరేడు వేలు అటూ ఇటూ ఉంది. ఆ రెండు అంకెలే చూస్తే ఏది ముందో ఏది వెనకో చెప్పలేం. చెబుతున్నది మధ్యలో ఉన్న బూడిద, దాని వయసు ఆర్గాన్ పద్ధతిలో విడిగా కట్టారు. దిబ్బల్లో అలాంటి గీత చూపించండి. పైగా జ్వాలాపురంలో ఆ పొరల్లో మనిషి ఎముక దొరకలేదు. ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనిషా (హోమో సేపియన్స్), వేరే రకం ఆదిమానవుడా అన్న తగువు అందుకే తెగలేదు.

పాత జియాలజీ బ్యాచి
మధ్యలో దూరుతున్నాను. మన తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం ఉంటుంది. ఏడాది మోతాదు ఎక్కువైతే క్వార్ట్జ్‌లో ఎలక్ట్రాన్లు చిక్కుకునే చోట్లు త్వరగా నిండిపోతాయి. నిండాక ఎన్ని వేల ఏళ్లు గడిచినా వెలుగు పెరగదు, వచ్చిన అంకె 'కనీసం ఇంత' అని మాత్రమే. ఇంకోటి, ఈ ఇసుక పేరుకున్నాక ఎరుపెక్కింది. ఇనుము ఆక్సీకరణం, బంకమట్టి కిందికి దిగడం, తడి మారడం. ఇన్ని మారాక ఇవాళ కొలిచిన మోతాదే మొదట్నుంచీ ఉందని ఎలా అనుకుంటాం? తడి ఒక శాతం తేడా వస్తే వయసు సుమారు ఒక శాతం జరుగుతుంది. ఇసుకలోనే ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఇంకో ఖనిజంతో కడితే ఇంకా వెనక్కి వెళ్లొచ్చు గానీ, ఎండకి అది క్వార్ట్జ్ అంత తొందరగా ఖాళీ అవదు.

భీమిలి రోడ్డు
అన్నీ వంకలే చెప్తున్నారు మాస్టారూ. ఒక్కో రేణువునీ విడివిడిగా కొలిచే పద్ధతి ఉందిగా? పొరలు కలిసిపోయి ఉంటే రేణువుల వయసులు చెల్లాచెదురై దొరికిపోతాయి.

పాత జియాలజీ బ్యాచి
రేణువులు దొరుకుతాయి, ఒప్పుకుంటా. రాయి సంగతో? ఆస్ట్రేలియా మాజెడ్‌బెబె గుహలో 65 వేలు అని 2017లో వచ్చింది. ఇసుక తేదీలు సరే, చెదలు తవ్విన ఇసుకలో రాళ్లు కిందికి దిగిపోయి ఉండొచ్చు కదా అని మరుసటి ఏడే ఎదురు వాదన లేచింది. తవ్వినవాళ్లు విరిగిన ముక్కల్ని జత కలిపి చూపించి, రాళ్లు పెద్దగా కదల్లేదన్నారు. ఆ జతల పని ఇక్కడా చెయ్యాలి.

రాతి పిచ్చి
ముందు గెడ్డ గోడలో, కదలని పొరలో ఇరుక్కున్న పనిముట్టు ఒక్కటైనా నమోదు చెయ్యాలి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించిన చోటు, ఎవరుబడితే వాళ్లు గునపం పట్టుకెళ్లడానికి లేదు. గొట్టం దిగ్గొట్టి వెలుగు తగలకుండా ఇసుక తియ్యడం ఆ తరవాతి మాట.

భీమిలి రోడ్డు
సరే, గోడ సంగతి ఒప్పుకుంటా. థోరియం ఎక్కువని ముందే కొట్టిపారెయ్యడం మాత్రం ఒప్పుకోను. దిబ్బ పైపొరల్లో ఇసుక కుర్రది, అక్కడ క్వార్ట్జ్ నిండి ఉండదు. మొదలెట్టేది పైనుంచే పెట్టొచ్చుగా?