సొంత షెడ్డుకు, ఇంటి గ్యారేజీకి పానాలు ఏ కంపెనీవి కొనాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి):

పెద్దలందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో ఒక మేస్త్రిగారి దగ్గర కార్ల పని నేర్చుకున్నాను. వచ్చే నెలలో సొంతంగా చిన్న షెడ్డు తెరుస్తున్నాను. ఎక్కువగా మారుతి, హ్యుందాయ్ బండ్లే వస్తాయి, మోటారు సైకిళ్లను కూడా కాదనను. ఇంతకాలం మేస్త్రిగారి పానాలతోనే పని చేశాను కాబట్టి సొంతానికి కొనడం ఇదే మొదలు. టపారియా చాలునని కొందరు, స్టాన్లీ తీసుకొమ్మని కొందరు, అప్పు చేసైనా స్నాప్-ఆన్ కొంటే మళ్లీ చూసుకోనక్కర్లేదని ఇంకొందరు చెబుతున్నారు. మా బావగారు తన కారు పని ఇంట్లో తానే చూసుకుంటారు, నాతోపాటే ఒక సెట్టు కొంటానంటున్నారు. మా ఇద్దరికీ ఒకే కంపెనీ సరిపోతుందా, దయచేసి చెప్పగలరు.

జవాబు (సికింద్రాబాద్ నుంచి):

తమ్ముడూ, షెడ్డు పెడుతున్నారంటే చాలా సంతోషం. ఏ కంపెనీ అని అడిగే ముందు ఏ పనిముట్టు అని అడగండి, ఎందుకంటే అన్ని పనిముట్లనూ ఒకే నాణ్యతతో చేసే కంపెనీ లేదు. నట్టును తిప్పే వాటి మీద, అంటే నట్టు మీద గిన్నెలా తొడిగే సాకెట్లు, రింగు పానాలు, సాకెట్‌ను ఒకే దిక్కుకు తిప్పే పళ్ల పిడి (రాచెట్), స్క్రూ డ్రైవర్ల మీద, డబ్బు దాచుకోకండి. పానా పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు గాని, ఇంజను బ్లాకులో మూలలు అరిగి గుండ్రమైపోయిన బోల్టును బయటికి తీయడానికి ఒక పూట పోతుంది, ఆ పూటకు కస్టమరు దగ్గర డబ్బు అడగలేరు. సుత్తి, ఉలి, నూనె డబ్బా వంటివి మామూలు రకమైనా ఫరవాలేదు.

రింగు పానాలు, డబుల్ ఎండ్ పానాలు, కటింగ్ ప్లయర్ విషయంలో టపారియా గురించి మీకు చెప్పినవారు సరిగానే చెప్పారు. నాసిక్‌లో తయారీ ఉన్న ఆ సంస్థ 1969లో స్వీడన్ సాంకేతిక సహకారంతో చేతి పనిముట్ల తయారీ మొదలుపెట్టింది. దాని సరుకు మన ఊళ్లలో చిన్న హార్డ్‌వేర్ దుకాణంలో కూడా దొరుకుతుంది కాబట్టి ఒక్క పానా పోతే సెట్టు మొత్తం కొననక్కర్లేదు, ఆ ఒక్క సైజే తెచ్చుకోవచ్చు. రోజూ పని చేసే షెడ్డుకు ఇది చిన్న సౌకర్యం కాదు. 10 సైజు (మిల్లీమీటర్లలో) పానా, సాకెట్ మాత్రం మొదటి రోజే రెండేసి తీసుకోండి, అన్నిటికంటే ముందు కనబడకుండా పోయేది అదే.

సాకెట్లు కొనేటప్పుడు కంపెనీ పేరు కంటే లోపలి ఆకారం ముఖ్యం. పన్నెండు మూలల సాకెట్ సులువుగా తగులుకుంటుంది గాని, తుప్పు పట్టిన నట్టు మీద జారుతుంది. షెడ్డు పనికి ఆరు మూలలవే కొనండి. మంచి సాకెట్ లోపల మూల దగ్గర కొంచెం వంపు ఉండి, ఒత్తిడి నట్టు మూల మీద కాకుండా పక్క ముఖం మీద పడుతుంది. ఈ పద్ధతితో పేరు తెచ్చుకున్నది స్నాప్-ఆన్, ఆ పేటెంటు గడువు తీరాక మధ్యతరగతి ధరల కంపెనీలు కూడా అలాగే చేస్తున్నాయి. దుకాణంలోనే ఒక కొత్త బోల్టు అడిగి సాకెట్ తొడిగి అటూ ఇటూ కదిపి చూడండి. వదులుగా ఆడితే డబ్బా మీద ఎంత పెద్ద పేరున్నా వద్దు. రాచెట్‌లో పళ్లు లెక్కించండి: 24 పళ్లదైతే ఒక్కో మెట్టుకు 15 డిగ్రీలు తిప్పాలి, 72 పళ్లదైతే 5 డిగ్రీలు చాలు. ఇంజను పక్క ఇరుకులో చెయ్యి కదలని చోట ఆ తేడా తెలుస్తుంది.

మీకు వచ్చే బండ్లలో జపాన్ పద్ధతివి 8, 10, 12, 14, 17 సైజులతో గడిచిపోతాయి. చక్రాల నట్లకు మారుతికి 19, హ్యుందాయ్‌కి 21 కావాలి. పాత స్విఫ్ట్ డీజిల్‌లోని 1.3 లీటర్ల ఇంజను ఫియట్‌ది కాబట్టి 13 లేకుండా దాని దగ్గరికి వెళ్లకండి. ఫోక్స్‌వాగన్, స్కోడా బండ్లు పట్టుకుంటే నక్షత్రం ఆకారపు మొన ఉన్న టార్క్స్ బిట్లు తప్పవు, అవి అలాంటి బండి వచ్చినప్పుడు కొనుక్కోవచ్చు.

స్క్రూ డ్రైవర్ సంగతి చాలామంది పట్టించుకోరు. హోండా, యమహా మోటారు సైకిళ్ల బ్రేకు ఆయిల్ కప్పు మీద రెండు చిన్న స్క్రూలు ఉంటాయి, తల మీద సన్నని చుక్క ఉంటే అవి జపాన్ ప్రమాణం స్క్రూలు. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ మొన దానిలో అడుగుకంటా దిగదు, బలం పెట్టగానే పైకి లేచి గాడిని కొరికేస్తుంది, రెండోసారి ఇక పట్టు దొరకదు. ఒసాకాలో 1916లో మొదలైన వెసెల్ కంపెనీ డ్రైవర్లు ఈ స్క్రూలకు సరిగ్గా కూర్చుంటాయి. నెంబరు 2 ఒకటి, నెంబరు 3 ఒకటి కొంటే చాలు.

ఇక స్నాప్-ఆన్. అది గొప్ప సరుకే, అందులో వాదన లేదు. అయితే అమెరికాలో ఆ కంపెనీ బండి మెకానిక్ షెడ్డు గుమ్మం దాకా వచ్చి వాయిదాల మీద ఇస్తుంది, విరిగినది అక్కడికక్కడే మారుస్తుంది. మీరు కట్టే ధరలో ఆ సేవ ఖరీదు కూడా కలిసి ఉంటుంది. మీ ఊళ్లో విరిగిన సాకెట్‌ను ఎవరు, ఎన్ని రోజుల్లో మారుస్తారో ముందు డీలరును అడిగి, సమాధానం తృప్తిగా లేకపోతే అప్పు చేయకండి.

గాలి గన్ను, బ్యాటరీ ఇంపాక్ట్ రెంచి (దెబ్బ దెబ్బగా కొడుతూ నట్టు తిప్పే మిషన్లు) వాడేటప్పుడు మెరిసే క్రోము సాకెట్ పెట్టవద్దు. అది చేతి పనికి గట్టిగా చేసినది, దెబ్బలకు పగిలి ముక్క కంట్లో పడవచ్చు. క్రోమ్ మాలిబ్డినమ్‌తో చేసిన నల్లని ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి. బ్యాటరీ పనిముట్లలో బాష్, మకీటా, డివాల్ట్ ఏదైనా మంచిదే గాని, ఒకరి బ్యాటరీ ఇంకొకరి మిషనుకు పట్టదు. మీకు దగ్గరలో సర్వీసు సెంటరు ఉన్న కంపెనీ ఒక్కటి ఎంచుకుని దానికే కట్టుబడండి. బాష్‌లో నీలం రంగువి రోజంతా పనికి, ఆకుపచ్చవి ఇంటి వాడకానికి. మీ షెడ్డుకు నీలం, బావగారికి ఆకుపచ్చ సరిపోతాయి.

ప్రశ్నించినవారు:

చాలా కృతజ్ఞతలు అన్నగారూ. ఎంత బలంతో బిగించామో కొలిచే టార్క్ రెంచి గురించి కూడా చెప్పండి. మా మేస్త్రిగారు చేతి అంచనాతోనే బిగిస్తారు. ఒకే రెంచితో కార్లకూ మోటారు సైకిళ్లకూ పని జరుగుతుందా?

జవాబు (సికింద్రాబాద్ నుంచి):

జరగదు తమ్ముడూ. చిన్న కార్ల చక్రాల నట్లు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల (బిగువు కొలత) మధ్య బిగిస్తారు, దానికి సాకెట్ తగిలించే చదరపు మొన (డ్రైవు) అర అంగుళం ఉన్న పెద్ద రెంచి కావాలి. మోటారు సైకిల్ ఇంజను కవరు మీది 6 మిల్లీమీటర్ల మర బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు చాలు. పెద్ద రెంచి దాని కొలత పరిధిలో అడుగు భాగాన నమ్మదగింది కాదు, బిగువు చాలునని చెప్పే క్లిక్ వినిపించేలోపే అల్యూమినియంలో మర ఊడివస్తుంది. అందుకని 5 నుంచి 25 దాకా కొలిచే చిన్నది వేరుగా కొనండి. కంపెనీ ఏదైనా టార్క్ రెంచీల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 6789, రెంచి వెంట కాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) పత్రం ఉన్నాయేమో చూడండి. మంచివాటిలో తేడా 4 శాతానికి మించదు. పని అయ్యాక స్కేలు మీద కనిష్ఠ గుర్తు దాకా వదులు చేసి పెట్టండి, అంతకంటే కిందికి తిప్పవద్దు. బిగువైన నట్టు విప్పడానికి దాన్ని ఎన్నడూ వాడకండి. ఏడాదికో, 5000 బిగింపులకో, ఏది ముందైతే అప్పుడు, కాలిబ్రేషన్ చేయించాలి.

మరొక జవాబు (డాలస్ నుంచి):

బావగారి కోసం ఒక్క మాట కలుపుతాను. నేను మెకానిక్‌ను కాను, ఇంట్లో రెండు కార్ల ఆయిలు, బ్రేకు ప్యాడ్లు నేనే మారుస్తాను. ఇక్కడ గేర్‌రెంచ్, క్రాఫ్ట్‌స్‌మన్, హస్కీ వంటి మధ్యరకం సెట్లతోనే నా పని హాయిగా గడుస్తోంది. నెలకు నాలుగుసార్లు వాడే సాకెట్‌కు షెడ్డు స్థాయి ఖర్చు అవసరం లేదు. ఆ మిగిలిన డబ్బు జాకీకి, స్టాండ్లకు పెట్టమనండి. జాకీ బండిని లేపడానికే గాని నిలిపి ఉంచడానికి కాదు, స్టాండ్లు పెట్టకుండా కారు కిందికి దూరకూడదు. 2020లో ఇక్కడి పెద్ద దుకాణాల సంస్థ ఒకటి తాను అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను పైకి లేచే కడ్డీ పళ్ల నుంచి పట్టు జారే అవకాశం ఉందని వెనక్కి తెప్పించింది. అప్పటి నుంచి నేను అడ్డంగా పిన్ను దూర్చే రకమే వాడుతున్నాను. బావగారు స్టాండు కొనేటప్పుడు ఆ పిన్ను ఉందో లేదో చూసి, చదునైన గచ్చు మీద మాత్రమే నిలబెట్టమని చెప్పండి.

ప్రశ్నించినవారు:

ఇద్దరికీ నమస్కారాలు. రింగు పానాలు, ఆరు మూలల సాకెట్లు, వెసెల్ డ్రైవర్లు రెండు, టార్క్ రెంచీలు రెండు, బావగారికి పిన్ను స్టాండ్లు అని చీటీ రాసుకున్నాను. ఇంపాక్ట్ రెంచి మాత్రం షెడ్డుకు పని కుదిరాక తీసుకుంటాను.

జవాబు (సికింద్రాబాద్ నుంచి):

మంచి ఆలోచన. బిల్లు మీద సరుకు మోడల్ నెంబరు రాయించుకోండి, డబ్బా మీద పేరు అక్షరాలు చెదిరి ఉన్నా, ధర మరీ తక్కువ చెప్పినా ఆ దుకాణంలో కొనవద్దు, పెద్ద కంపెనీల పేర్లతో నకిలీ సరుకు చాలా తిరుగుతోంది.