అటక మీద సామాన్లకు ప్రతి వానాకాలం బూజు: తేమ ఎటు నుంచి వస్తోంది?

మాది విజయవాడలో అయిదో అంతస్తు, పైన డాబా. పడగ్గది అటక పొడవు 8 అడుగులు, లోతు 2 అడుగులు. చెక్క తలుపులు ఉన్నాయి. వెనక గోడకు అవతల బాత్రూమ్. జులై చివర మొదలై అక్టోబరు దాకా దుప్పట్లకు, పరుపులకు తెల్లటి బూజు పడుతోంది. అమ్మ పట్టుచీరలు రెండు మచ్చలు పడి పోయాయి, ఆ బాధ ఇంకా తగ్గలేదు.

అట్టపెట్టెలు తీసేసి మూత గట్టిగా బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలు కొన్నాం. వేపాకు, నాఫ్తలీన్ ఉండలు పెట్టాం (అవి పురుగులకే గానీ తేమకు కాదని తర్వాత తెలిసింది). తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు నెల తిరక్కుండానే తేమతో నిండి రంగు మారాయి. మే నెలలో డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. అయినా ఆగస్టులో మళ్లీ అదే వాసన.

పోయిన వారం వెనక గోడకు అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం నాలుగు అంచులా టేపుతో అంటించి 48 గంటలు ఉంచాను. గోడవైపు చెమ్మ పట్టింది, బయటివైపు పొడిగానే ఉంది. పైకప్పుకు అంటించిన ముక్క రెండువైపులా పొడి. అంటే తేమ డాబా నుంచి కాదు, బాత్రూమ్ వైపు గోడలోంచే వస్తున్నట్టుంది. ప్లంబర్ మాత్రం పైపుల్లో లీకు లేదంటున్నాడు.

బాత్రూమ్ టైల్స్ పగలగొట్టకుండా, ఆ చెమ్మ పైపు నుంచి వస్తోందా, టైల్స్ సందుల నుంచి వస్తోందా అని తేల్చుకోవడం ఎలా?