సమస్యాపూరణం: "నేయి విషమగు నుదయాన నిక్కువమ్ము"

నిర్వాహకుడు: ఛందస్సు తేటగీతి. నెయ్యి జఠరాగ్నిని రాజేస్తుందంటుంది ఆయుర్వేదం. మరి అదే విషం ఎప్పుడవుతుంది? బెంగళూరులో పొద్దున్నే నేతి దోసె, ఖారా పొంగల్ తినే మనమే చెప్పాలి. ఈ పాదం ఆఖరున వచ్చేలా పద్యం పూరించండి.

జయనగర్ అక్కయ్య:

తేనె నేతిని సమముగ దీసి కలిపి
వేడి దోసె పైన రాయు వెఱ్ఱి యేల?
పాళ్లు మార్చుము, లేదేని పథ్య మేది?
నేయి విషమగు నుదయాన నిక్కువమ్ము.

మా మనవడికి అలా తినడం మహా ఇష్టం. అందుకే రాశాను.

మల్లేశ్వరం మాస్టారు: మంచి విషయం పట్టుకున్నారమ్మా. తేనె, నెయ్యి సమభాగాలు విరుద్ధాహారమే, అంటే కలిపి తినకూడనివే. రెండో పాదంలో మాత్రం గణం (గురులఘువుల గుంపు) తప్పింది. "వేడి", "దోసెపై" దాకా బాగుంది, తర్వాత "నరాయు" జగణం. ఇక్కడ ఇంద్రగణం రావాలి, అది ఇంద్రగణం కాదు. "వేడి దోసెకుఁ బూసెడి" అనండి, రెండూ భగణాలవుతాయి, అవి ఇంద్రగణాలే. ఇంకో మాట. పాళ్లు మారిస్తే చాలదు, తేనెకు వేడే పనికిరాదు. మనవడికి దోసె చల్లారాక ఇవ్వండి.

అక్కయ్య: దిద్దుకున్నాను మాస్టారూ. వేడి సంగతి నాకు తట్టనే లేదు.

మారతహళ్లి తమ్ముడు:

పొగలు చిమ్మెడి పొంగలి బొడ్డులోన
గరిటె డమ్మమ్మ వేసిన గడ్డకట్టి
యున్నదంతయుఁ గరఁగుచు నూరుచుండ
నేయి విషమగు నుదయాన నిక్కువమ్ము.

విషమంటే నీరు అనే అర్థం కూడా ఉంది కదా సార్!

మాస్టారు: భేష్! డిసెంబరులో ఇక్కడ నేతి డబ్బాలో చెంచా దిగదు. ఆ ముద్ద పొంగలి మధ్య గుంటలో పడి, అంచుల నుంచి పసుపుగా జారడం కళ్లకు కట్టింది. అందులో పెసరపప్పు తేలిక. మిరియాలు, జీలకర్ర, అల్లం, ఇంగువ నేతి బరువును మోసుకుపోతాయి. పొద్దుటిపూట కఫకాలం (కఫం పెరిగే వేళ) కాబట్టి ఆ ఘాటు కావాలి కూడా. మిరియాలు ఏరి పారేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

నిర్వాహకుడు: నాదొకటి.

నిన్న రాతిరి తిన్నది నిలిచియుండ
ఆకలే లేకయున్నను నాత్రపడుచు
నేతిదోసెపై దోసెను నెమ్మిఁ దినగ
నేయి విషమగు నుదయాన నిక్కువమ్ము.

రాత్రి పదకొండుకు బిర్యానీ తిని పొద్దున ఎనిమిదికి టిఫిన్‌కు కూర్చోవడం మా ఆఫీసువాళ్లందరి అలవాటు. నాదీ అంతే. పులితేన్పులు మొదలయ్యాక గానీ తెలిసిరాలేదు.

మాస్టారు: అసలు కిటుకు ఇక్కడుంది. ముందు తిన్నది అరిగితేనే తర్వాతి ముద్ద. అయితే "నెమ్మి" దగ్గర పద్యం మెత్తబడింది. ప్రేమగా తినడం తప్పు కాదు కదా? బరువైనవి సగం తృప్తి వరకే తినమన్నాడు ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు. కడుపులో రెండు పాళ్లు అన్నానికి, ఒకటి నీళ్లకు, ఒకటి గాలికి వదలమన్నాడు. మీ పద్యంలో ఆ కొలత లేదు.

నిర్వాహకుడు: "నేతిదోసెపై దోసెను నిండఁ దినగ" అంటే?

మాస్టారు: యతి (పాదంలో అక్షరాల మైత్రి) నిలిచింది, మాట కూడా నిలిచింది. అలాగే ఉంచండి.